వెంటపడి బెదిరిస్తున్నాడు, లాయర్‌కు డబ్బుల్లేవు: చట్టం ఎక్కడ చదవాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా చెల్లెకు 19 ఏళ్ళు, నల్గొండలో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోంది. మా పక్క ఊరి అబ్బాయి ఒకడు కాలేజీ గేటు దాకా వెంట వస్తున్నాడు, కొత్త కొత్త నంబర్లతో ఫోన్ చేస్తున్నాడు, మాట్లాడకపోతే ఫోటోలు మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో పెడతానంటున్నాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని దాని భయం. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదు. యూట్యూబ్‌లో తలా ఒక మాట చెబుతున్నారు. చట్టం మేమే చదువుకోవాలంటే ఎక్కడ చూడాలి?

జవాబు: అమ్మా, ముందు డబ్బు టెన్షన్ తీసేయండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లో సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి, ఆదాయంతో పని లేదు. నల్గొండ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో దరఖాస్తు రాసిస్తే చాలు. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు కూడా. ఆ జిల్లా సంస్థ కార్యదర్శి ఒక జడ్జి, కాబట్టి సంస్థ ఇచ్చిన లాయర్ ఎవరైనా ఫీజు అడిగితే నేరుగా ఆయనకే చెప్పండి, మొహమాటం వద్దు. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట: 2022 జూన్ నుంచి కొత్త జిల్లాలకూ విడిగా జిల్లా కోర్టులు వచ్చాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి వాళ్ళు మహబూబ్‌నగర్ దాకా రానక్కర్లేదు, మీ జిల్లా కోర్టులోనే అడగండి.

ఇక చదవడం సంగతి. ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కేంద్ర చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, అక్కడ చదవండి. వీడియోలు చూడొద్దనను, కానీ ఒక్క పరీక్ష పెట్టండి. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పోలీసులు, కోర్టులు ఎలా నడవాలో చెప్పే సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడు జరుగుతున్న దానికి ఐపీసీ సెక్షన్లు 354డి (వెంటపడటం) అని, 506 (బెదిరింపు) అని చెబుతున్నారంటే అది పాత సరుకు, పక్కన పెట్టేయండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రమే పాత సెక్షన్లు. మీరు చదవాల్సింది చాలా తక్కువ. న్యాయ సంహితలో 78 (వెంటపడటం), 351 (బెదిరింపు), ఐటీ చట్టంలో 67 (ఆన్‌లైన్‌లో అశ్లీలమైనవి పెట్టడం), సురక్షా సంహితలో 173 (పోలీసులు ఫిర్యాదు తీసుకోవడం). ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఇందులో 78ని మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చొని నిదానంగా చదవండి, కేసు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. వెంటపడటం నేరమే, కానీ ఆ అమ్మాయి నాకు ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా మళ్ళీ మళ్ళీ వెంటపడితే, మాట్లాడాలని చూస్తే అని ఆ సెక్షన్ అంటుంది. రేపు కోర్టులో అవతలి లాయర్ మొదట అడిగేది ఇదే, వద్దని ఎప్పుడు చెప్పావమ్మా అని. అందుకని చెల్లె ఇప్పటిదాకా అలా చెప్పి ఉండకపోతే ఒకే ఒక్క మెసేజ్ పెట్టమనండి: "నాకు ఇష్టం లేదు, ఇక ఫోన్ చేయొద్దు, వెంట రావొద్దు." అంతే. తిట్టొద్దు, బతిమాలొద్దు, తర్వాత వాడు ఏం రాసినా జవాబు ఇవ్వొద్దు. నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయమనండి. అసలు మెసేజ్‌లు చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు చూశారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోవాలి.

శిక్ష గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 78 కింద మొదటిసారి అయితే 3 ఏళ్ళ వరకు జైలు, కానీ బెయిల్ వచ్చే కేసు. వాడు బయటికి వస్తాడనే లెక్కతోనే మీరు జాగ్రత్తగా ఉండాలి. ఫోటోల బెదిరింపు వేరే నేరం. అది 351 కింద వస్తుంది, బెదిరింపు ఆడపిల్ల శీలం మీద నింద వేస్తానన్నట్టు ఉంటే శిక్ష 7 ఏళ్ళ వరకు ఉండొచ్చు. కాబట్టి ఫిర్యాదులో వెంటపడటం రాసి ఊరుకోకండి, వాడు అన్న మాటలు అన్నట్టే రాయండి.

ఫిర్యాదు నల్గొండలోనే ఇవ్వాలని లేదు, దేవరకొండలో ఇచ్చినా తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఈ నేరంలో ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకు ఉంది, అలా చెబితే అది అబద్ధం కాదు, కానీ కాగితం తీసుకున్నట్టు రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఎస్ఐ అసలు తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఆ పని ఉచిత లాయర్ చేస్తారు. ఆడవాళ్ళ వేధింపులు చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్‌కు చెప్పడం మంచిదే. వాళ్ళు పిలిచి కౌన్సెలింగ్ ఇస్తే చాలామంది ఆగిపోతారు. ఫోటోల దాకా వెళ్ళినవాడికి కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను, మాకు కేసు కావాలి అని గట్టిగా చెప్పండి. ఫోటో నిజంగా ఎక్కడైనా పెడితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, ఆ యాప్‌లో కూడా రిపోర్ట్ కొట్టండి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకు. ఇప్పటికిప్పుడు ప్రమాదం అనిపిస్తే 112 లేదా 100, సలహాకు, ఆసరాకు మహిళా హెల్ప్‌లైన్ 181.

చేయకూడని పనులు రెండు. మీ అన్నదమ్ములు, బావలు వెళ్ళి వాణ్ని కొట్టడం. అలా చేస్తే రేపు వాడే ముందు స్టేషన్‌కు పోయి మీ వాళ్ళ మీద కేసు పెడతాడు, చెల్లె కేసు రాజీకి పోతుంది, ఇది మన దగ్గర ఎన్నోసార్లు జరిగింది. రెండోది పెద్దమనుషుల పంచాయితీలో కూర్చొని తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టడం. ఊళ్ళో పరువు అంటూ ఒత్తిడి చేస్తారు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నా సరే, చెల్లె చేత మాత్రం ఎక్కడా సంతకం పెట్టించకండి.

ఇంట్లో చెప్పడం గురించి. చెల్లెకు 18 నిండాయి కాబట్టి ఫిర్యాదుకు అమ్మానాన్నల అనుమతి అవసరం లేదు. (18 నిండని పిల్ల అయితే పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం వస్తుంది, దారి వేరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.) అయినా నా మాట వినండి, అమ్మకు చెప్పండి. వేరేవాళ్ళ నోటి నుంచి వినేకంటే మీ నోటి నుంచి, అదీ లాయర్‌ను కలిశాక, ఇదిగో ఇప్పటికే ఇంత చేశాం అని కాగితాలు చూపించి చెబితే చదువు మాన్పించాలన్న ఆలోచన చాలావరకు తగ్గుతుంది. నాన్నతో మాట్లాడటం కష్టమైతే న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్లు, అంటే లాయర్లు కాకపోయినా చట్టం విషయంలో సాయం చేసేవాళ్ళు ఉంటారు, ఒకరిని తోడు ఇమ్మని అడగండి.

ఈ వారంలోనే నల్గొండలో న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. చెల్లె ఆధార్ నకలు, కాలేజీ ఐడీ, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు రెండు సెట్లు, ఆ నోట్‌బుక్, ఛార్జ్ చేసిన ఆ ఫోన్, ఇవి వెంట ఉండాలి. కోర్టు పని దినాల్లో పొద్దున్నే వెళితే అదే రోజు మాట్లాడే వీలు ఎక్కువ.