బీడీఎస్‌లో మెడికల్ సబ్జెక్టులు అంత లోతుగా చదవాలా? పళ్ళ డాక్టర్‌కి కిడ్నీతో ఏం పని?

ప్రశ్న అడిగినవారు బీడీఎస్ ఫస్ట్ ఇయర్. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చూసి బెంబేలెత్తినట్టున్నారు. "పేషెంట్ నోట్లో చెయ్యి పెట్టేది ఎప్పుడో థర్డ్ ఇయర్‌లో. ఈలోగా కిడ్నీలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్ బొమ్మ గీయడం నాకెందుకు? పాస్ మార్కులకు సరిపడా చదివితే చాలదా?" అని వారి సందేహం.

మాది శ్రీకాకుళం జిల్లా పలాస వైపు. క్లినిక్ కూడా ఇక్కడే పెట్టుకున్నాను. నెఫ్రాన్ ఎందుకని నన్ను అడిగితే సమాధానం కాస్త పొడుగ్గానే వస్తుంది.

ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగర్, బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. ఆ ఊళ్ళ నుంచి పంటి నొప్పితో నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. దాదాపు అందరూ అడిగేది ఒకటే: "పన్ను సంగతి తర్వాత చూద్దాం గానీ డాక్టరమ్మా, ముందు నొప్పి బిళ్ళ రాసిచ్చేయండి." మన చెయ్యి అలవాటు కొద్దీ రాసేది డైక్లోఫినాక్, లేదంటే ఎసిక్లోఫినాక్.

ఫస్ట్ ఇయర్ బొమ్మ పనికొచ్చేది ఇక్కడే. నెఫ్రాన్ మొదట్లో రక్తాన్ని వడపోసే సన్నటి రక్తనాళాల ఉండ పేరు గ్లోమెరులస్. దానిలోకి రక్తం తెచ్చే చిన్న నాళాన్ని (అఫరెంట్ ఆర్టీరియోల్) వెడల్పుగా ఉంచడంలో ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలకు పాత్ర ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వాటి సాయం పెద్దగా అక్కర్లేదు. కిడ్నీ అప్పటికే దెబ్బతిన్నవాళ్ళకు, లేదా పొద్దున్నుంచీ ఎండలో జీడితోటలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోయినవాళ్ళకు మాత్రం కిడ్నీలో రక్తప్రవాహం చాలావరకు వాటి మీదే నడుస్తుంది. మనం రాసే బిళ్ళ ఆపేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే. నొప్పితో పాటు కిడ్నీ వడపోత కూడా తగ్గిపోతుంది. అందుకే ఇలాంటివాళ్ళకు పారాసిటమాల్ రాస్తాను, నొప్పికి అసలు కారణాన్ని వీలైనంతవరకు ఆ రోజే చూస్తాను. పల్ప్ (పంటి లోపలి మెత్తటి భాగం) తెరవడమో, చీము బయటికి తీయడమో చేస్తే సగం నొప్పి అక్కడే పోతుంది, బిళ్ళ మీద అంతగా ఆధారపడే పని ఉండదు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళైతే ఇంకొంచెం ఆలోచించాలి. మెషిన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పన్ను తీయాల్సి వస్తే డయాలసిస్ అయిన మర్నాడు రమ్మంటాం. అప్పటికి హెపారిన్ ప్రభావం పోతుంది, మనిషి కూడా కాస్త తేలిగ్గా ఉంటాడు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ కట్టకూడదు. ఆ చేతి మీద వేళ్ళు ఆనిస్తే చర్మం కింద జివ్వుమని అదురు తెలుస్తుంది. చీర కొంగు నిండుగా కప్పుకుని కూర్చున్నవాళ్ళకు ఫిస్టులా ఏ చేతికి ఉందో పైకి కనపడదు, అడగాల్సిందే. మా అసిస్టెంట్‌కి ఇప్పుడు అది ఎంత అలవాటైందంటే, ఎవరొచ్చినా బీపీ కట్టు పట్టుకుని ముందు "ఏ చెయ్యమ్మా?" అనే అడుగుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. పాస్ మార్కులకు చదివినా డిగ్రీ వస్తుంది, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఒక్క విషయం చూడండి. పంటి పని నేర్పేవాళ్ళు మీకు జీవితాంతం దొరుకుతారు. రూట్ కెనాల్ కోర్సులు, ఇంప్లాంట్ వర్క్‌షాపులు, వీడియోలు బోలెడు. చెయ్యి తిరిగేకొద్దీ అదే వస్తుంది. ఒంటి గురించి మీకు క్లాసులో కూర్చోబెట్టి చెప్పేది మాత్రం ఈ మొదటి మూడేళ్ళే: ఫస్ట్ ఇయర్‌లో ఇప్పుడు చదువుతున్నవి, సెకండ్ ఇయర్‌లో పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, థర్డ్ ఇయర్‌లో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ. ఫైనల్ ఇయర్ నుంచి దాదాపు అన్నీ నోటి సబ్జెక్టులే. పెద్దాసుపత్రిలో డౌటొస్తే పక్క డిపార్ట్‌మెంట్‌కి ఒక చీటీ రాసి పంపొచ్చు. ఊళ్ళో క్లినిక్ పెట్టుకున్నాక ఆ గదిలో డాక్టర్ మీరొక్కరే.

అనాటమీ విషయంలో అందరూ అనవసరంగా భయపడతారు. మన సిలబస్‌లో ఎక్కువ భాగం తల, మెడ. అందులోనూ ఎముకను చేతిలో పట్టుకుని చదివితే గుర్తుండిపోయేవే ఎక్కువ. కింది దవడ ఎముక తీసుకుని లోపలి వైపు వేలు పెట్టి చూడండి. వెనక నుంచి ముందుకి ఏటవాలుగా దిగుతూ ఒక గట్టు తగులుతుంది. అదే మైలోహయాయిడ్ లైన్, నోటి అడుగుభాగంలో ఉండే కండరం అతుక్కునేది అక్కడే. స్పాటర్స్‌లో (వస్తువు చూపించి పేరు అడిగే ప్రాక్టికల్ పరీక్షలో) తప్పకుండా పెడతారు కాబట్టి పేరు అందరికీ వచ్చు. ఆ గీతకు ఏ పన్ను వేరు పైన ఉంది, ఏది కింద ఉంది అని మాత్రం చాలామంది చూడరు. రెండో, మూడో దవడ పళ్ళ వేర్ల కొసలు సాధారణంగా గీతకు కింద ఉంటాయి. అక్కడ పట్టిన చీము లోపలి వైపు ఎముక తొలుచుకుంటే దవడ కింద మెడలోకి దిగుతుంది. వాటికంటే ముందున్న పళ్ళ వేర్లు సాధారణంగా గీతకు పైన ఉంటాయి కాబట్టి వాటి చీము నాలుక కిందికి చేరుతుంది. అందుకే జ్ఞానదంతం (అదే మూడో దవడ పన్ను) నొప్పితో వచ్చినవాళ్ళ చెంప చూసి ఊరుకోకుండా, గడ్డం కిందా నాలుక కిందా కూడా నొక్కి చూడాలి.

దవడ కిందా నాలుక కిందా ఉండే ఖాళీల్లోకి రెండు పక్కలా ఇన్ఫెక్షన్ పాకితే వచ్చేదే లుడ్విగ్స్ యాంజైనా. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించాడు. గడ్డం కింద చెక్కలా గట్టిపడుతుంది, నాలుక పైకి లేస్తుంది, ఉమ్ము మింగుడు పడదు. ఆ మనిషిని కుర్చీలో వెనక్కి వాల్చి "ఏదీ, నోరు తెరువు" అనే టైమ్ కాదది. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి కూర్చోబెట్టే ఉంచి వెంటనే ఆసుపత్రికి పంపాలి. పన్ను సంగతి అక్కడ చూసుకుంటారు.

నరాలు కూడా అంతే. కింది దవడకు మత్తు ఇచ్చే బ్లాక్ ఇంజెక్షన్ మరీ వెనక్కి పోతే మందు చెవి ముందుండే లాలాజల గ్రంథి, పెరోటిడ్‌లోకి వెళ్తుంది. ఆ గ్రంథి గుండా వెళ్ళేది ముఖం కండరాలను కదిలించే ఫేషియల్ నెర్వ్. ఇంటర్న్‌షిప్‌లో మా బ్యాచ్‌మేట్ ఒకరు ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి పేషెంట్ ఒక కన్ను మూయలేకపోయింది, నవ్వబోతే మూతి ఒక పక్కకే లాగింది. వాళ్ళాయన పక్షవాతం వచ్చిందని గొడవ మొదలుపెట్టాడు. పీజీ సీనియర్ వచ్చి ఒక్క చూపుతో విషయం గ్రహించి, కంటికి డ్రాప్స్ వేసి, రెప్ప మూసి ప్యాడ్ పెట్టి, మందు దిగిపోయే వరకు పక్కనే కూర్చున్నారు. కొన్ని గంటల్లో మామూలైపోయింది. ఆ సీనియర్‌కు టెన్షన్ లేకపోవడానికి కారణం ధైర్యం కాదు, ఆ నరం ఎటు పోతుందో కళ్ళకు కట్టినట్టు తెలియడమే.

ఫార్మకాలజీ గురించి ఎంత చెప్పినా తక్కువే. రోజూ వాడే మత్తుమందు లిగ్నోకేయిన్ ఒక్కటి చాలు. చీము పట్టిన పన్నుకి ఎంత మందు ఎక్కించినా మత్తెక్కదు ఎందుకని? లిగ్నోకేయిన్ పీకేఏ, అంటే నరం పొరను దాటగలిగే రూపం, దాటలేని రూపం సగం సగం ఉండే పీహెచ్, 7.9. మామూలు కణజాలం పీహెచ్ 7.4 దగ్గర మందులో దాదాపు నాలుగో వంతు నరం పొరను దాటగలిగే రూపంలో ఉంటుంది. చీము వల్ల పీహెచ్ 6.4కి పడిపోతే అది 3 శాతానికి దిగిపోతుంది. ఫస్ట్ ఇయర్ బయోకెమిస్ట్రీలో బట్టీపట్టే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం ఇదే, కావాలంటే లెక్క కట్టి చూసుకోండి. ఇది తెలిసినవాళ్ళు అక్కడే మళ్ళీ మళ్ళీ పొడవరు, చీముకి దూరంగా నరం మొదట్లో బ్లాక్ ఇస్తారు.

డోస్ లెక్క కూడా అలాగే. 2 శాతం అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. మన దగ్గర చాలా క్లినిక్‌లలో ఉండే 30 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 600 మిల్లీగ్రాములు. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. 15 కిలోల పిల్లకి 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 మిల్లీలీటర్లు. పిల్ల ఏడుస్తోందని, సరిగా తిమ్మిరెక్కలేదని నాలుగు వైపులా కొంచెం కొంచెం ఇస్తూ పోతే ఆ హద్దు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. కార్ట్రిడ్జ్ (ఒక్కో ఇంజెక్షన్‌కి సరిపడా మందు నింపిన చిన్న గొట్టం) అయితే ఎన్ని వాడామో లెక్క కనపడుతుంది, సీసాతో ఆ సౌకర్యం లేదు. పిల్లల బరువు చూడకుండా సిరంజి ముట్టుకోనివ్వని ప్రొఫెసర్ మీకు దొరికితే ఆవిణ్ణి తిట్టుకోకండి.

థర్డ్ ఇయర్ మెడిసిన్ పోస్టింగ్‌ని మనవాళ్ళు సెలవుల్లా చూస్తారు. సంతకం పెట్టి క్యాంటీన్‌కి పోవడమే. నా మటుకు నాకు క్లినిక్‌లో ఎక్కువ అక్కరకొచ్చింది ఆ వార్డుల్లో కేస్ షీట్ రాయడమే. మా క్లినిక్ మొదటి అంతస్తులో ఉంటుంది. ఒకాయన ఎడమ కింది దవడ లాగేస్తోందని వచ్చారు. కూర్చుని ఫ్యాన్ కింద కాసేపు ఉన్నాక "ఇప్పుడు తగ్గిందమ్మా" అన్నారు. ప్రతి పన్నూ తట్టి చూశాను, చల్లటి నీళ్ళు పెట్టి చూశాను, ఎక్స్‌రే తీశాను. ఏమీ లేదు. "ఎప్పుడెప్పుడు వస్తోంది?" అంటే, "ఇదిగో మీ మెట్లెక్కినా, బస్సు కోసం నాలుగడుగులు గబగబా వేసినా" అన్నారు. పన్నుకి మెట్లతో పనేముంది? గుండె నుంచి వచ్చే నొప్పి కబురూ, దవడ నుంచి వచ్చేదీ మెదడుకి పోయే దారిలో కలుస్తాయి కాబట్టి గుండె నొప్పి దవడలో తెలియొచ్చని ఫిజియాలజీలో చదివేదే. మెట్లు దిగి నడవనివ్వకుండా కుర్చీలో కిందికి దింపించి, వాళ్ళబ్బాయిని పిలిపించి ఫిజీషియన్ దగ్గరికి పంపాం. గుండెదే అని తేలింది.

పాథాలజీ మాట ఒకటి చెప్పి ఆపేస్తాను. మా ఉత్తరాంధ్రలో చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో. అడ్డపొగ అంటాం. ఆ వేడీ పొగా తగిలేది అంగిలికి. నోటి క్యాన్సర్ అనగానే చెంప, నాలుక వెతకమని నేర్పుతారు. మా దగ్గర అద్దం పైకి తిప్పి అంగిలి చూడకపోతే పరీక్ష చేసినట్టే కాదు. తెల్ల మచ్చ కంటే ఎర్ర మచ్చకి ఎక్కువ భయపడాలన్నది సెకండ్ ఇయర్‌లో డిస్ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పు) స్లయిడ్లు శ్రద్ధగా చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఎలా చదవాలంటారా? ఏ చాప్టర్ ముగించినా "ఈ జబ్బు ఉన్నవాడు నా కుర్చీలో కూర్చుంటే నేను ఏం మారుస్తాను? మందా, డోసా, రమ్మనే రోజా, లేక ఆసుపత్రికి పంపించెయ్యాలా?" అని మార్జిన్‌లో ఒక ముక్క రాసుకోండి. గుండె, కిడ్నీ, లివర్, షుగర్, రక్తం గడ్డకట్టడం, గర్భం, మూర్ఛ, వీటికి ఆ ముక్క తప్పకుండా వస్తుంది. ఫార్మకాలజీ నోట్సు పారేయకండి, క్లినిక్ పెట్టాక కూడా తీస్తారు. ఏ ముక్కా తోచనివి కూడా ఉంటాయి. క్రెబ్స్ సైకిల్‌లో ఎంజైముల పేర్లన్నీ నాకు ఇంతవరకు ఏ పేషెంట్ దగ్గరా అక్కరకు రాలేదు. అలాంటివి పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీ పట్టేయండి, మేమూ అదే చేశాం.