రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ మీద, నార్మండీ తీరంలో మిత్రరాజ్యాలు చేసిన దాడికి 1944 జూన్ 6నే ఎందుకు ఎంచుకున్నారు? ఇంకో వారం ఆగలేకపోయారా?

ఆగే వీలు లేదు. కారణం ఆటుపోట్లు.

మాది అంతర్వేది వైపు. వశిష్ఠ గోదావరి మొగలోంచి, అంటే నది సముద్రంలో కలిసే చోటు నుంచి, నాన్నతో కలిసి చాలా ఏళ్ళు మరబోటు నడిపాను. మొగలో ఇసుక మేట వేస్తూనే ఉంటుంది, పోటు మీద తప్ప నిండు బోటు లోపలికి రాదు. పాటులో, అంటే నీరు తీసే వేళ, వస్తే బోటు అడుగు మేటకు తగులుతుంది, వెనక నుంచి వచ్చే కెరటం బోటును అడ్డం తిప్పేస్తుంది. అందుకే మా సరంగులు, అంటే బోటు నడిపేవాళ్ళు, గడియారం కంటే ముందు తిథి చూస్తారు. ఒక చోట పౌర్ణమి పోటు ఎప్పుడూ దాదాపు ఒకే వేళకు వస్తుంది, అమావాస్యకూ అదే వేళ. ఆ తర్వాత రోజుకు ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతూ పోతుంది.

మా తీరంలో పోటుకూ పాటుకూ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. నార్మండీలో అది ఆరు మీటర్ల దాకా ఉంటుంది. నీరు తీస్తే వందల మీటర్ల ఇసుక బయటపడుతుంది. జర్మన్ సేనాని రోమెల్ అక్కడ ఇనుప దూలాలు, కొయ్య గుంజలు పాతించి, చాలావాటికి మందుపాతరలు కట్టించాడు. నిండు పోటులో వచ్చే పడవల అడుగులు వాటి మీద చీలిపోవాలని ఆయన ఎత్తు. కాబట్టి మిత్రరాజ్యాలు పాటు ముగిసి నీరు మళ్ళీ ఎక్కే వేళ దిగాలనుకున్నాయి. అడ్డంకులు కంటికి కనిపిస్తాయి, సైన్యాన్ని దించిన పడవలు ఎక్కే నీటితో తేలి వెనక్కి పోతాయి. ఆ వేళ తెల్లవారిన కాసేపటికే రావాలి, నౌకల ఫిరంగులకు గురి కనిపించాలి కదా. ముందు రాత్రి పారాట్రూపర్లకు వెన్నెల కావాలి. ఇవన్నీ కలిసినవి జూన్ 5, 6, 7 తేదీలే. 6 పౌర్ణమి.

ఈ పోటు లెక్కలు కట్టింది లివర్‌పూల్ దగ్గర ఆర్థర్ డూడ్సన్ అనే శాస్త్రవేత్త, చక్రాలూ కప్పీలూ ఉన్న యంత్రాలతో. ఏ తీరానికో ఆయనకు చెప్పలేదు. ఆ లెక్క ఎంత నిశితమంటే, అక్కడ పోటు పడమర నుంచి వస్తుంది కాబట్టి యూటా, ఒమాహా అని రహస్య పేర్లు పెట్టిన తీరాల్లో ఉదయం 6.30కి, తూర్పున గోల్డ్, స్వోర్డ్ తీరాల్లో 7.25కి దిగారు. సముద్రం మీద బతికినవాడిగా నాకు ఈ ఒక్క వివరం చాలు, ఆ పథకం వేసినవారికి చేతులెత్తి మొక్కడానికి.

అయినా ఒమాహాలో ఎక్కే నీరే ఎందరినో బలి తీసుకుంది. అడ్డంకులు పేల్చడానికి దిగిన ఇంజనీర్లు కాల్పుల మధ్య పని పూర్తి చేయకముందే నీరు ముంచెత్తింది. గాయపడి ఇసుకలో పడినవారు లేవలేక మునిగిపోయారు. అంతకు ముందు 1943 నవంబరు 20న పసిఫిక్‌లో జపాన్ చేతిలో ఉన్న తరావా దీవిలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. చంద్రుడు సగమైన రోజులవి, పోటు చిన్నది. పడవలు పగడపు దిబ్బ దాటలేక ఆగిపోతే, అమెరికన్ సైనికులు తుపాకీ గుళ్ళ వానలో నీళ్ళకు అడ్డంపడి నడిచారు.

ఇక వాయిదా సంగతి. తుపాను గాలి వస్తోందని వాతావరణ అధికారి స్టాగ్ హెచ్చరించడంతో మిత్రరాజ్యాల సర్వసేనాని ఐజన్‌హోవర్ 5వ తేదీని వదులుకున్నాడు. 6న కాస్త తెరపి ఉంటుందనగానే బయలుదేరమన్నాడు. ఆ మూడు రోజులూ తప్పితే పోటు మళ్ళీ తెల్లవారే వేళకు కలిసేది రెండు వారాల తర్వాత, అమావాస్య దగ్గర, అదీ వెన్నెల లేకుండా. అంటే జూన్ 19 ప్రాంతంలో. సరిగ్గా 19న పెనుగాలి లేచి మూడు రోజులకు పైగా వీచింది, ఒమాహా దగ్గర కట్టిన కృత్రిమ రేవును తునాతునకలు చేసింది.