ప్లగిన్ ఇన్‌స్టాల్ అయింది కానీ రీపర్‌లో కనిపించడం లేదా?

మీ ప్లగిన్ ఎక్కడికీ పోలేదండి. పాటలు రికార్డు చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేర్ రీపర్ కదా, చాలాసార్లు అది వెతికే చోట ప్లగిన్ లేకపోవడమే కారణం, అంతే. ఇన్‌స్టాలర్ పని పూర్తయిందని చెప్పింది, ట్రాక్ మీద ఎఫ్ఎక్స్ (ఎఫెక్ట్స్) బటన్ నొక్కితే మాత్రం పేరు రావట్లేదు, ఇంకో ఉచిత ప్లగిన్ జిప్‌లో వచ్చింది, దాన్ని ఏం చేయాలో తెలియట్లేదు అన్నారు కదా. ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టిన చాలామందికి ముందుగా ఎదురయ్యే తలనొప్పి ఇదే. మా అక్క పాడే భక్తి గీతాలు నేనే ఇంట్లో రికార్డు చేస్తుంటాను, తెలిసినవాళ్ల లాప్‌టాప్‌లలో ఈ సమస్య చాలాసార్లు సరిచేసి ఇచ్చాను. మీది విండోస్ అన్నారు కాబట్టి దాని గురించే చెప్తాను.

ముందు ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. ఎఫెక్ట్ ప్లగిన్ అంటే రికార్డు చేసిన శబ్దాన్ని సరిదిద్దే సాధనం, దానంతట అది నడిచే సాఫ్ట్‌వేర్ కాదు, రీపర్ లాంటి ప్రోగ్రామ్ తెరిచి వాడుకునే ఒక ఫైల్. కాబట్టి ఆ ఫైల్ సరైన ఫోల్డర్‌లో ఉండాలి, రీపర్ ఆ ఫోల్డర్‌ని స్కాన్ చేయాలి. ఇన్‌స్టాలర్ చేసేది కూడా చాలావరకు ఫైల్‌ని ఒక చోట పెట్టడమే.

ఇప్పుడు ఆ చోటు ఏదో చూద్దాం. వీఎస్‌టీ అనేది ప్లగిన్లు తయారు చేయడానికి స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తెచ్చిన పద్ధతి. ఇప్పుడు మనకు కనిపించేవి రెండు రకాలు: డీఎల్ఎల్ ఫైల్‌గా వచ్చే పాత వీఎస్‌టీ2, 2008లో వచ్చిన వీఎస్‌టీ3. వీఎస్‌టీ3కి విండోస్‌లో మామూలుగా ఒకటే ఇల్లు: సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3 ఫోల్డర్. రీపర్ అక్కడ తనంతట తానే చూస్తుంది. వీఎస్‌టీ2తోనే చిక్కు. ఒక కంపెనీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని వీఎస్‌టీ ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెడుతుంది, ఇంకొకటి స్టైన్‌బర్గ్ ఫోల్డర్ లోపల పెడుతుంది, మరొకటి తన పేరుతోనే ఫోల్డర్ చేసుకుంటుంది. అందుకే ఇన్‌స్టాలర్ రెండూ ఇస్తే వీఎస్‌టీ3కి మాత్రమే టిక్ పెట్టండి. ఏఏఎక్స్ అని ఉంటే అది ప్రో టూల్స్ అనే వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి, ఆ టిక్ తీసేయండి. ఏ ఫోల్డర్‌లో వేస్తోందో చూపించే పేజీని నెక్స్ట్ నెక్స్ట్ అని దాటేయకుండా ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత వెతుక్కునే పని ఉండదు.

తర్వాత రీపర్ తెరిచి కంట్రోల్, పి నొక్కితే ప్రిఫరెన్సెస్ వస్తుంది. ఎడమవైపు జాబితాలో ప్లగిన్స్ కింద వీఎస్‌టీ అని ఉంటుంది, దాన్ని నొక్కండి. పైన పాత్‌ల (ఫోల్డర్ చిరునామాల) పెట్టెలో మీ ఫోల్డర్ లేకపోతే కలపండి, రీస్కాన్ నొక్కండి. అక్కడే క్యాష్‌ని, అంటే పాత స్కాన్ ఫలితాలని, క్లియర్ చేసి మళ్లీ మొత్తం స్కాన్ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది. మొదటిసారి స్కాన్‌లో ఫెయిల్ అయిన ప్లగిన్‌ని రీపర్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, మామూలు రీస్కాన్‌కి రానిది చాలాసార్లు దీనికి వస్తుంది.

జిప్‌లో వచ్చినదానికి చాలాసార్లు ఇన్‌స్టాలర్ ఉండదు, మీరే విప్పి పెట్టాలి. లోపల వీఎస్‌టీ3 ఉంటే పైన చెప్పిన ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, విండోస్ అడ్మిన్ అనుమతి అడిగితే ఇవ్వండి. కొన్ని వీఎస్‌టీ3లు ఒక్క ఫైల్‌గా కాకుండా ఫోల్డర్‌గా వస్తాయి, అలాంటప్పుడు లోపలి ఫైల్ ఒక్కటే లాగకుండా మొత్తం ఫోల్డర్‌ని కదపాలి. డీఎల్ఎల్ అయితే వీఎస్‌టీ2ల కోసం మీరే ఒక ఫోల్డర్ చేసుకుని ఎప్పుడూ అందులోనే వేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మాత్రం వద్దు. మా బావగారు సులువుగా ఉందని రీపర్‌కి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నే పాత్‌గా ఇచ్చేశారు, కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు లాప్‌టాప్ నిండిపోయిందని డౌన్‌లోడ్స్ మొత్తం తుడిచేశారు. ఆ తర్వాత ఏ పాట తెరిచినా ప్లగిన్లు దొరకడం లేదని రీపర్ జాబితా చూపించడమే. అదృష్టం కొద్దీ పాట ఫైల్స్ వేరే డ్రైవ్‌లో ఉన్నాయి. అవే ప్లగిన్లు మళ్లీ వేసి స్కాన్ చేయగానే సెట్టింగులతో సహా అన్నీ వచ్చాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే బిట్ తేడా చూడండి, అంటే ప్లగిన్, రీపర్ రెండూ ఒకే రకమా (32 బిట్, 64 బిట్) కాదా అని. పాత ఉచిత ప్లగిన్లలో చాలావరకు 32 బిట్‌వి. విండోస్‌లో 64 బిట్ రీపర్ వాటిని కూడా నడపగలదు కానీ, 64 బిట్ రకం దొరుకుతుంటే దాన్నే వేసుకోవడం మంచిది. ఆడాసిటీ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 64 బిట్‌ది అయితే వాటిని అసలు తీసుకోదు. కొన్ని ప్లగిన్లకి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ అనే సహాయక ఫైల్స్ కావాలి, కొత్తగా విండోస్ వేసిన లాప్‌టాప్‌లో అది లేక స్కాన్ ఫెయిల్ అవుతుంది. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ వాడే స్నేహితులుంటే, దానికి ఏయూ (ఆపిల్ వాళ్ల ఆడియో యూనిట్స్) రకం ప్లగిన్లే పనికొస్తాయని చెప్పండి.

జాబితాలోకి వచ్చాక పని చేస్తోందో లేదో గొంతు మీదే చూడండి. ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా అనే ఈక్వలైజర్ ప్లగిన్ (శబ్దంలో ఏ భాగం ఎంత వినిపించాలో సర్దేది) నాకు బాగా ఇష్టం. అందులో కింది శబ్దాలను కోసేసే హై పాస్ ఫిల్టర్‌ని 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెడితే మైక్ స్టాండ్ దడదడలు, భ, ఫ అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ బాగా తగ్గుతాయి. ఇక మన పాటల్లో శ, ష, స ఎక్కువ కదా, "శ్రీ" అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంది. 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఒక బ్యాండ్ తీసుకుని థ్రెషోల్డ్ (శబ్దం ఎంత దాటితే తగ్గించాలో చెప్పే హద్దు) ఆన్ చేసి, దాన్ని మెల్లగా కిందికి దించండి. ఆ అక్షరం వచ్చినప్పుడు మాత్రమే ప్లగిన్ తెర మీది గీత కిందికి వంగి మళ్లీ లేస్తుంది, గొంతులో మెరుపు పోదు. మా అక్క గొంతుకి నేను ముందుగా చేసేది ఇదే.

పాడుతుంటే గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వస్తోందని కూడా రాశారు. అది ఇన్‌స్టాలేషన్ తప్పు కాదు. మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్, దాని కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్) వేసి, బఫర్‌ని, అంటే ఒక్కసారికి పోగేసి పంపే శబ్దం ముక్కని, తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిల్స్ అంటే ఒక్క వైపుకే 21 మిల్లీసెకన్లు, 128 అయితే 3 కూడా ఉండదు. మిక్సింగ్ అప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు. ఎఫ్ఎక్స్ విండో అడుగున ఆ ప్లగిన్లు ఎన్ని శాంపిల్స్ ఆలస్యం తెస్తున్నాయో కనిపిస్తుంది, ఎక్కువ తెచ్చేదాన్ని రికార్డింగ్ అయ్యేవరకు ఆఫ్ చేయండి. ఇన్‌పుట్ ఎఫ్ఎక్స్‌లో (మైక్ నుంచి శబ్దం వస్తూండగానే ఎఫెక్ట్ వేసే చోట) మాత్రం ప్లగిన్ వేయకండి, అక్కడ వేసింది రికార్డింగ్‌లో కలిసిపోతుంది, తర్వాత తీయలేం. మామూలు ట్రాక్ ఎఫ్ఎక్స్ అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

క్రాక్ ప్లగిన్ల లింకులు ఎవరైనా పంపితే దయచేసి తెరవకండి. వైరస్ భయం ఒకటి, ఒక్కరిద్దరే కూర్చుని తయారు చేసే చిన్న కంపెనీల కష్టం ఇంకొకటి. రీపర్‌తో వచ్చే రియాఈక్యూ (ఈక్వలైజర్), రియాకాంప్ (గొంతు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్)తోనే పాట పూర్తి చేయొచ్చు. రెవర్బ్‌కి, అంటే గదిలో మారుమోగినట్టు వినిపించే ఎఫెక్ట్‌కి, వల్హల్లా సూపర్‌మాసివ్ ఉచితంగానే ఇస్తున్నారు.

ఇదంతా చేశాక కూడా రాకపోతే ప్లగిన్ పేరు, దాని ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో, రీపర్ 64 బిట్టో కాదో, స్కాన్ తర్వాత ఫెయిల్ అయినవాటిలో ఆ పేరు వచ్చిందో లేదో కింద రాయండి, చూసి చెప్తాను.