మందు మానగానే వణుకు

ప్రశ్న: మావారు పదేళ్లుగా రోజూ తాగుతారు. నిన్న మానేశారు, చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. కౌన్సెలింగ్ సరిపోదా, సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలా?

జవాబు: ఈ రోజే సైకియాట్రిస్టుకు చూపించండమ్మా. ఆ వణుకు మనోబలం లేక వచ్చింది కాదు, మెదడు మద్యానికి అలవాటుపడటం వల్ల వచ్చింది. మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 2, 3 రోజులకు మతి తప్పినా, లేనివి కనిపిస్తున్నాయన్నా ప్రాణాపాయమే. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. డాక్టరు సాధారణంగా వణుకు, ఫిట్స్ రాకుండా చూసే మందు క్లోర్‌డయాజిపాక్సైడ్ మొదలుపెట్టి, వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపుతారు. లివరు దెబ్బతింటే దాని బదులు అదే రకం మందు లోరాజెపామ్ వాడతారు. గ్లూకోజు ఎక్కించేముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ తప్పనిసరి, లేదంటే జ్ఞాపకశక్తే పోవచ్చు. డిప్రెషన్ ఉందేమో కూడా డాక్టరే తేల్చాలి. కౌన్సెలింగ్ ఆ తర్వాత. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను మాత్రం ఆయనకు చెప్పకుండా అన్నంలో కలపకండి. దానిమీద తాగితే బీపీ పడిపోతుంది. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416.