కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బుల అభిమానుల పోటీ నిజంగా అంత తీవ్రంగా ఉంటుందా? బయటి ఊరివాళ్లు డెర్బీ, అంటే ఈ రెండు జట్ల మ్యాచ్, చూడ్డానికి వెళ్లొచ్చా?

ఉంటుంది. వెళ్లొచ్చు, వీలైతే తప్పకుండా వెళ్లండి. ఉద్యోగరీత్యా 2022 నుంచి 2024 దాకా జాదవ్‌పూర్‌లో అద్దెకున్నాను. ఆ ఇంట్లో ఉండబట్టే నాకు ఈ సంగతి అర్థమైంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంటాయన ఏ ఊరని అడిగారు. హైదరాబాద్ అన్నాను. కుర్చీలోంచి లేచి "హబీబ్ ఊరా!" అన్నారు. మన హైదరాబాదీ ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ (ఈ రెండూ, మహమ్మడన్ స్పోర్టింగూ) ఆడాడనీ, అక్కడివాళ్లు ఆయన్ని 'బడే మియా' అంటారనీ నాకు అప్పుడే తెలిసింది. 1977లో బ్రెజిల్ ఆటగాడు పీలే అమెరికా క్లబ్ కాస్మోస్ జట్టుతో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్‌తో మ్యాచ్ 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. మా ఇంటాయన పక్కా ఈస్ట్ బెంగాల్ మనిషి. అయినా ఆ గోల్ గురించి చెప్తుంటే ఆయన గొంతు మారిపోయేది.

ఆయన్ని నేను కాకూ (బాబాయ్) అనేవాణ్ణి, ఆయన భార్యని కాకిమా (పిన్ని). కాకూ వాళ్ల నాన్న దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) బరిసాల్ నుంచి వచ్చేశారు. జాదవ్‌పూర్ చుట్టుపక్కల కాలనీలు చాలావరకు అలా వచ్చినవాళ్లు కట్టుకున్నవే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లని బాంగాల్ అంటారు, మొదటినుంచీ ఇటువైపు ఉన్నవాళ్లని ఘోటీ అంటారు. ఊరూ, పొలమూ, చెరువూ అన్నీ అవతలే పోయాయి. ఆ ప్రాంతం పేరు మిగిలింది మాత్రం ఒక క్లబ్బులో, ఈస్ట్ బెంగాల్‌లో. కాకూ వాళ్ల నాన్న జీతం రాగానే ముందు మ్యాచ్ టికెట్‌కి డబ్బు పక్కన పెట్టి, ఆ తర్వాత బియ్యం తెచ్చేవారట. "మా నాన్న ఊరు వెనక్కి రాదు, జట్టు మాత్రం ప్రతి ఏడూ ఆడుతుంది" అనేవారు కాకూ.

నిజానికి ఈస్ట్ బెంగాల్ క్లబ్ విభజన కంటే చాలా ముందు, 1920లోనే పుట్టింది. జోరాబగాన్ అనే జట్టు మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి తూర్పు బెంగాల్ ఆటగాడు శైలేశ్ బోస్‌ని పక్కన పెడితే, ఆ క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి కోపంతో బయటికొచ్చి, మరికొందరితో కలిసి కొత్త క్లబ్ పెట్టారు. శరణార్థులు వచ్చాక ఆ పేరుకి బరువు పెరిగింది.

కాకిమాది ఉత్తర కోల్‌కతాలో బాగ్‌బజార్. ఘోటీ ఇంటి ఆడపిల్ల, కాబట్టి మోహన్ బగాన్. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో బ్రిటిష్ సైన్యం జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించిన పదకొండు మంది మోహన్ బగాన్ ఆటగాళ్లలో ఒక్కడికే బూట్లున్నాయి, మిగతావాళ్లంతా ఉత్తికాళ్లతో ఆడారు. ఆ మాట ఆవిడ చెప్పినప్పుడల్లా కాకూ కూడా మాట్లాడకుండా వినేవారు. తెల్లవాళ్ల మీద అది అందరి గెలుపు కదా.

చేపల సంగతి మీరు వినే ఉంటారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, అంటే మన గోదావరి జిల్లాలవాళ్లు ప్రాణం పెట్టే పులస. మోహన్ బగాన్ గెలిస్తే చింగ్రీ, అంటే రొయ్యలు. ఇది వట్టి మాట కాదు, మ్యాచ్ మర్నాడు బజారుకెళ్తే బేరాల్లో తెలిసిపోతుంది.

2023 ఆగస్టు నాకు బాగా గుర్తు. 12న డ్యురాండ్ కప్ ఫుట్‌బాల్ పోటీలో నందకుమార్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. వరసగా డెర్బీలు ఓడిపోయి ఓడిపోయి ఉన్న జట్టు అది. మా వీధిలో అర్ధరాత్రి దాకా టపాసులే. మూడు రోజులకి, 15న, హైదరాబాద్‌లో హబీబ్ చనిపోయారు. ఆ సాయంత్రం కాకూ మేడమీద నా గదికొచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. మా ఊరి మనిషి పోతే నన్ను పలకరించడానికి వచ్చారన్నమాట. మా ఊళ్లో ఎంతమందికి ఆ వార్త తెలిసిందో అనిపించి నాకు బాధేసింది.

సెప్టెంబర్ 3న అదే కప్ ఫైనల్. మళ్లీ ఈ రెండు జట్లే. కాకూతో కలిసి సాల్ట్‌లేక్ స్టేడియంలో ఎరుపు, పసుపు జెండాల వైపు కూర్చున్నాను. మోహన్ బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపా రెడ్ కార్డుతో బయటికెళ్లగానే మా గ్యాలరీ ఊగిపోయింది. పదిమంది మిగిలారు, ఇక మనదే అనుకున్నాం. 71వ నిమిషంలో మోహన్ బగాన్ ఆటగాడు పెట్రాటోస్ గోల్ కొట్టాడు. నా పక్కన ఊదుతున్న బూర సగంలో ఆగిపోయింది. ఎదురుగా ఆకుపచ్చ, మెరూన్ గ్యాలరీ ఎగిరి గంతేయడం ముందు కనిపించింది, ఆ హోరు ఒక క్షణం ఆలస్యంగా మా దాకా వచ్చింది. కాకూ జెండా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. ఆఖరి విజిల్ దాకా లేవలేదు.

ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి రొయ్యల వాసన వస్తుందనుకున్నాను. కాకిమా వట్టి కిచిడీ వండి ఉంచారు. తన జట్టు కప్పు గెలిచింది, ఆ సంగతే ఎత్తలేదు. కాకూ అన్నం ముందు కూర్చున్నాక, ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేశారు. రొయ్యలు రెండు రోజుల తర్వాత వండారు. ఇద్దరూ తిన్నారు.

2024 ఆగస్టు 18న జరగాల్సిన డెర్బీ రద్దయింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్య జరిగి నగరమంతా రగిలిపోతున్న రోజులవి. మ్యాచ్ లేకపోయినా రెండు జట్ల అభిమానులూ స్టేడియం బయటికొచ్చారు, మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లూ వచ్చారు. న్యాయం కావాలని అందరూ కలిసి నినాదాలు చేశారు. కాకూ, కాకిమా కూడా ఎవరి జెర్సీలు వాళ్లు వేసుకుని వెళ్లారు. కలిసి బయల్దేరారు, కలిసే వచ్చారు. పెళ్లయ్యాక ఆ రంగుల్లో ఇద్దరూ ఒకే గేటు దగ్గర నిలబడటం అదే మొదటిసారని కాకిమా చెప్పారు.

ఇక వెళ్లే విషయం. టికెట్ కొనేటప్పుడే ఏ జట్టు వైపు గ్యాలరీయో చూసుకోండి. గేట్లు కూడా వేరు, మీ గేటు నంబరు ముందే తెలుసుకోండి. ఇందులో మొహమాటం వద్దు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో గ్యాలరీలో గొడవ మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఇప్పటికీ ఆ రోజున వాళ్ల జ్ఞాపకంగా రక్తదానం చేస్తారు. ఏ జట్టూ తేల్చుకోకపోతే తెల్ల చొక్కా వేసుకోండి. మెట్రోలో సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్‌లో దిగితే దగ్గర. మ్యాచ్ అయిపోగానే లేవకండి, ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే రద్దీ తగ్గుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు మీది ఏ ఊరని అడుగుతారు. హైదరాబాద్ అయితే ఆ మాట గట్టిగా చెప్పండి.