ఎండలో సైకిల్ హైడ్రాలిక్ బ్రేక్ లివర్ వెనక్కి రావడం లేదు, ఇంట్లోనే విప్పొచ్చా?

విప్పొచ్చండి. కాకపోతే స్క్రూ ముట్టుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. తప్పు నిజంగా లివర్‌లోనే ఉందా, ఉంటే మీ మోడల్‌కి లోపలి సామాను విడిగా దొరుకుతుందా. ఈ రెండోది తేలకుండా మాత్రం అస్సలు విప్పొద్దు, ఎందుకో కింద చెప్తాను.

మీరు రాసిందాన్ని బట్టి మీది డాట్ ఆయిల్ (కార్లు, మోటార్‌సైకిళ్ళలో పోసే రకం బ్రేక్ ఆయిల్) బ్రేక్, మూడేళ్ళ ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్ సైకిల్. పొద్దున బాగానే పనిచేస్తుంది, మధ్యాహ్నం మాత్రం ముందు లివర్ నొక్కి వదిలితే మెల్లగా వస్తుంది. షాపులో రెండుసార్లు బ్లీడ్ చేసినా, అంటే ఆయిల్‌లోని గాలి బుడగలు తీసేసినా పోలేదు, లివర్ మొత్తం మార్చాలన్నారు. నా బండికి వెనక బ్రేక్‌లో అచ్చం ఇదే వచ్చింది, ఏప్రిల్ ఎండల్లో, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో దిగుతుంటే. విప్పి, పిస్టన్ మార్చి, ఇప్పటికీ అదే లివర్ వాడుతున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఇది అర్థమైతే మిగతా పనంతా తేలికవుతుంది. లివర్ నొక్కినప్పుడు చిన్న కడ్డీ ఒకటి పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. ఆయిల్ ట్యాంకుకీ సిలిండర్‌కీ మధ్య సూది మొనంత రంధ్రం ఉంటుంది, పిస్టన్ మీది సీల్ దాన్ని దాటగానే ఆయిల్‌కి వెనక్కి దారి మూసుకుపోతుంది, అప్పుడే ఒత్తిడి పుట్టి క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) దాకా వెళ్తుంది. వదిలినప్పుడు స్ప్రింగ్ పిస్టన్‌ని ఆ రంధ్రం వెనక్కి పూర్తిగా తోసెయ్యాలి. కొన్ని లివర్లలో ప్లాస్టిక్ పిస్టన్ వాడారు, అది కాలం గడిచేకొద్దీ కొద్దిగా ఉబ్బుతుంది, వేడికి ఇంకొంచెం ఉబ్బి సిలిండర్‌లో బిగుసుకుంటుంది. స్ప్రింగ్ దాన్ని తొయ్యలేకపోతుంది, రంధ్రం మూసే ఉంటుంది. ఇప్పుడు దిగుడులో డిస్క్ వేడెక్కి ఆయిల్ వ్యాకోచిస్తే అది వెనక్కి ట్యాంకులోకి పోలేక ప్యాడ్లనే తోస్తుంది, ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. ముందు చక్రం ఇలా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. అందుకే దీన్ని చిన్న చిరాకుగా తీసుకోకండి, బాగయ్యేదాకా ఆ బండి మీద కొండ దిగకండి. బ్లీడింగ్‌తో ఇది ఎందుకు పోలేదో కూడా తెలిసిపోయింది కదా, గాలి సమస్య అయితేనే బ్లీడింగ్ మందు.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి మంచి పద్ధతి ఒకటుంది. ఎండలో లివర్ ఇరుక్కుని చక్రం రాసుకుంటున్నప్పుడే, క్యాలిపర్ దగ్గరున్న బ్లీడ్ స్క్రూని గుడ్డ అడ్డం పెట్టి కొంచెం వదులు చెయ్యండి. చుక్క ఆయిల్ బయటికొచ్చి చక్రం ఫ్రీ అయిపోతే ఒత్తిడి పైన చిక్కుకుందని అర్థం, అంటే లివరే. స్క్రూ వదిలినా చక్రం అలాగే రాసుకుంటుంటే క్యాలిపర్ పిస్టన్లు పట్టేశాయి, లివర్ విప్పి లాభం లేదు. ఇంకోటి, లివర్ తిరిగే ఇరుసు బోల్టు అతిగా బిగించినా, అందులో దుమ్ము పేరుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి వేలితో నొక్కే బ్లేడుని పిస్టన్ నుంచి విడదీసి, ఊరికే అటూ ఇటూ ఆడించి చూడండి. అక్కడే బిగుతుగా ఉంటే శుభ్రం చేసి బిగుతు తగ్గిస్తే అయిపోయింది, ఖర్చే లేదు.

ఇక సామాను. షిమానో అయితే లివర్ లోపలి పిస్టన్, సీళ్ళు విడిగా అమ్మదు, లివర్ మొత్తం కొనాల్సిందే. స్రామ్ చాలా మోడళ్ళకి లివర్ పిస్టన్ కిట్ అమ్ముతుంది, ఇంగ్లండ్ కంపెనీ హోప్ అయితే చిన్న సీల్ దగ్గర్నుంచి అన్నీ అమ్ముతుంది. మోడల్ పేరు, తయారైన సంవత్సరం సరిగ్గా కలిసే కిట్ చేతికొచ్చాకే విప్పండి. ఎందుకంటే పాత సీల్‌ని బయటికి తీసి మళ్ళీ పెడితే చాలాసార్లు కారుతుంది, దాన్ని నమ్ముకోలేం. ఆన్‌లైన్‌లో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ వెతకండి, బొమ్మలతో ఉంటుంది, ఏ ముక్క ఏ వరసలో వస్తుందో అందులో చూసుకోవచ్చు.

ఆయిల్ సంగతి బ్రాండ్ పేరు చూసి నిర్ణయించకండి. షిమానో, మగురా, టెక్ట్రో మినరల్ ఆయిల్ వాడతాయి. స్రామ్ ఎక్కువగా డాటే అయినా దాంట్లోనే డీబీ8, మేవెన్ మినరల్ ఆయిల్‌వి. లివర్ మీద గానీ మూత మీద గానీ రాసి ఉంటుంది, అదే లెక్క. డాట్ బ్రేక్ సీళ్ళ రబ్బరు వేరు, మినరల్ బ్రేక్ సీళ్ళ రబ్బరు వేరు, ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్ళు ఉబ్బి మొత్తం పాడవుతుంది. మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బ్రేక్ ఆయిల్ అనగానే డాట్ 4 పోసేస్తారు, మినరల్ బ్రేక్ ఉన్నవాళ్ళు అక్కడ జాగ్రత్త. మీకు డాట్ 5.1 మంచిది, పేరు దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం కొనకండి, అది సిలికాన్ ఆయిల్, పూర్తిగా వేరు. ఎప్పుడో మూత తీసిన సీసా కూడా వద్దు, డాట్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది, 5.1 కొత్తదైతే కనీసం 260 డిగ్రీలు, తేమ పట్టాక 180 దాకా పడిపోవచ్చు. అది పెయింట్‌ని కూడా తినేస్తుంది, ఫ్రేమ్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

విప్పేటప్పుడు ముందు చక్రం, ప్యాడ్లు తీసి దూరంగా పెట్టండి, ఒక్క చుక్క ఆయిల్ తగిలినా ప్యాడ్లు పోయినట్టే. సిరంజితో ఆయిల్ లాగేసి, హోస్ ఊడదీసి, లివర్ హ్యాండిల్ నుంచి తీసి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి పెట్టుకోండి. ఇరుసు తీస్తే బ్లేడు వస్తుంది, దాని వెనక రబ్బరు తొడుగు, ఆ లోపల సర్క్లిప్, అంటే పిస్టన్ బయటికి రాకుండా ఆపే రింగు. అసలు కష్టం ఇక్కడే. సన్న ముక్కు ఉన్న సర్క్లిప్ ప్లైయర్ కావాలి, చవక రకంలో మొనలు లావుగా ఉండి క్లిప్ రంధ్రాల్లో దూరవు. నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, చేతిలో లివర్ పట్టుకెళ్ళి మొన దూరుతుందో లేదో చూసి మరీ కొన్నాను. చెక్క పుల్లతో పిస్టన్‌ని కొంచెం లోపలికి నొక్కి పట్టుకుని క్లిప్ తీసి, తర్వాత పుల్లని మెల్లగా వదలండి, వెనక స్ప్రింగ్ ఉంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఇది తప్పనిసరి.

మీ కేసులో పిస్టన్ బిగుసుకుని దానంతట అది రాకపోవచ్చు. స్క్రూడ్రైవర్ పెట్టి కెలకొద్దు. లివర్‌ని మందపాటి గుడ్డలో చుట్టి, పిస్టన్ మూతిని కింద గుడ్డ వైపు తిప్పి, మిగతా రంధ్రాలన్నీ మూసి, హోస్ దూరే రంధ్రం నుంచి సైకిల్ పంపుతో కొంచెం కొంచెంగా గాలి కొట్టండి, వచ్చేస్తుంది. బయటికి రాగానే సీళ్ళు ఏ దిక్కుకి ఉన్నాయో ఫోటో తీసుకోండి. సీల్ పెదవి ఆయిల్ ఒత్తిడి ఉండే వైపుకి, అంటే పిస్టన్ ముందు వైపుకి తెరుచుకుని ఉండాలి, తిరగేసి పెడితే బ్రేకే ఉండదు.

ఇప్పుడు సిలిండర్ లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి టార్చి వేసి చూడండి. లివర్ బతుకుతుందా లేదా అనేది ఇక్కడే తేలుతుంది. నున్నగా ఉంటే కొత్త పిస్టన్‌తో ఏళ్ళ తరబడి నడుస్తుంది. పొడుగునా గీత పడి ఉంటే, పై పూత లేచిపోయి ఉంటే, కొత్త కిట్ వేసినా కారుతుంది, అప్పుడు షాపువాళ్ళు చెప్పినట్టు లివర్ మార్చడమే. లోపల ఎమరీ పేపర్ మాత్రం పెట్టకండి, మిగిలిన పూత కూడా పోతుంది. పాత పిస్టన్‌నే ఎమరీతో అరగదీసి మళ్ళీ వేసుకునే వీడియోలు కూడా చూసే ఉంటారు. ఊళ్ళో కిట్ దొరక్క చేస్తారు, కొన్నాళ్ళు పనిచేస్తుంది కూడా, కానీ చేత్తో అరగదీస్తే గుండ్రం పోతుంది, ఉబ్బే గుణం పోదు. ముందు బ్రేక్‌కి నేనైతే ఒప్పుకోను.

బిగించేటప్పుడు సీళ్ళకి అదే బ్రేక్ ఆయిల్ రాయండి, మామూలు గ్రీజు వద్దు, డాట్ సీళ్ళు పాడవుతాయి. పిస్టన్‌ని తిప్పుతూ నెమ్మదిగా దించండి, సీల్ అంచు మడత పడకూడదు. సర్క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో తిప్పి చూడండి. హోస్ చివర ఉండే ఇత్తడి రింగు కొత్తది వెయ్యండి, పాతది ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా పట్టదు. తర్వాత బ్లీడింగ్, మధ్యమధ్యలో లివర్‌ని మెల్లగా తడుతుంటే మూలల్లో దాక్కున్న బుడగలు పైకొస్తాయి.

అయిపోయాక ప్యాడ్లు, చక్రం తిరిగి పెట్టండి, కానీ వెంటనే బయల్దేరకండి. లివర్‌ని రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా ఉంచండి, పొద్దున రబ్బరు తొడుగు కింద తడి ఉంటే సీల్ సరిగ్గా కూర్చోలేదు. పొడిగా ఉండి, నొక్కితే గట్టిగా ఉంటే, బండిని మధ్యాహ్నం ఎండలో ఒక గంట పెట్టి మళ్ళీ నొక్కి చూడండి, టక్కున వెనక్కి రావాలి. ఆ తర్వాత కూడా ముందు చదును రోడ్డు మీద నాలుగు రోజులు తిప్పి, అప్పుడే కొండకి వెళ్ళండి. సిలిండర్ లోపల గీత ఉందో మరకో తేల్చుకోలేకపోతే గోరుతో తడిమి చూడండి, గోరుకి తగిలితే గీతే. అయినా అనుమానం ఉంటే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.