అంటార్కిటికా క్రూయిజ్‌కి ముందు సిద్ధం చేయాల్సింది మోకాళ్ళని

మీరు అడిగింది: "అమ్మానాన్నలతో కలిసి ఫాక్‌లాండ్స్, సౌత్ జార్జియా దీవులు, అంటార్కిటికా చుట్టి వచ్చే మూడు వారాల ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్‌కి వెళ్తున్నాం. ఏమేం కొనుక్కోవాలి?"

కొనాల్సినవి తక్కువే. నేనూ మా వారూ అరవై దాటాక ఇదే రూట్‌లో వెళ్ళొచ్చాం. చాలా ఓడల్లో పార్కా (టోపీ ఉన్న మందపాటి చలి కోటు) వాళ్ళే ఇస్తారు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కూడా అక్కడే దొరుకుతాయి. ఒంటికి అతుక్కుని ఉండే మెరినో ఉన్ని లోదుస్తులు రెండు మూడు జతలు, ఒక ఫ్లీస్ (మెత్తటి వెచ్చని స్వెటర్ లాంటిది), నీళ్ళు దిగని ప్యాంటు, గ్లవ్స్ రెండు జతలు, మంచి చలవ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ ఉంటే చాలు. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. ఓడలు వెళ్ళే అంటార్కిటిక్ పెనిన్సులాలో (ద్వీపకల్పంలో) వేసవి పగళ్ళు సున్నా డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటాయి. మైనస్ ముప్పైకి పనికొస్తుందని చెప్పి అమ్మే ఖరీదైన జాకెట్ల జోలికి పోకండి.

నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని. ఈ మాట ఏ యూట్యూబ్ వీడియోలోనూ చెప్పరు. సూట్‌కేసు మంచం మీద పరిచి సాక్సుల లెక్క చెప్పడంతోనే పావుగంట గడిపేస్తారు.

సౌత్ జార్జియాలో సెయింట్ ఆండ్రూస్ బే అని ఒక చోటు ఉంది. కింగ్ పెంగ్విన్లు లక్షల్లో ఉంటాయి. అక్కడ రేవు లేదు, జెట్టీ లేదు. ఓడ దూరంగా ఆగుతుంది. ఓడ పక్కనుంచి దింపిన ఇనుప మెట్ల మీదుగా దిగి, జోడియాక్ అనే రబ్బరు పడవలోకి అడుగు వెయ్యాలి. మేం దిగిన రోజు అల పెద్దగానే ఉంది. పడవ ఒకసారి మన పాదాల దాకా లేచేది, మరుక్షణం నడుమంత లోతుకి జారిపోయేది. పడవలో ఉన్నవాళ్ళు మన ముంజేతిని పట్టుకుంటారు, మనం వాళ్ళ ముంజేతిని పట్టుకోవాలి. చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి కెమెరా కూడా బ్యాగులోకి పోవాల్సిందే. "ఆగండి, ఆగండి" అని, పడవ పైకి లేచాక "ఇప్పుడు" అంటారు. మా విశాఖ జాలర్లు అల చూసుకుని తెప్ప తోసినట్టే, అంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది.

మా ముందున్న నలభై ఏళ్ళాయన, దిట్టంగా ఉన్నాడు, రెండుసార్లు కాలు ముందుకు వేసి వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి నావికుడే ఆయన్ని పక్కన నిలబెట్టి మా వారిని రమ్మన్నాడు. షుగరున్న మనిషి, ఒక్క అడుగులో పడవలో ఉన్నారు. ఆ ఏడాది ఆయన వారం వారం సింహాచలం మెట్లదారిలో ఎక్కి దిగారు. దిగేటప్పుడు వీపున బ్యాగు పెట్టుకుని, ఏమీ పట్టుకోకుండా దిగేవారు. జిమ్‌లో బరువులెత్తితే ఇది రాదు, మెట్లు దిగితేనే వస్తుంది. నా లెక్కలో ఇంతకు మించిన తయారీ లేదు.

ఒడ్డుకి చేరాక పడవ అంచు మీద కూర్చుని, కాళ్ళు బయటికి తిప్పి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి. ఆ తర్వాత కనిపించేది ఎంత చెప్పినా తక్కువే. కొండ మొదలు దాకా పెంగ్విన్లే. గోధుమరంగు బొచ్చుతో తల్లికన్నా లావుగా ఉన్న పిల్లలు, వాటి మధ్యలో దొర్లే ఎలిఫెంట్ సీల్స్. కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయాను. నిలబడే చూడాలి మరి. 2023లో అక్కడికి బర్డ్ ఫ్లూ వచ్చింది. దానివల్ల నేల మీద కూర్చోకూడదు, మోకరిల్లకూడదు, బ్యాగు కూడా కింద పెట్టకూడదు. పెంగ్విన్లకి కనీసం అయిదు మీటర్ల దూరం పాటించాలి. ఒడ్డున బాత్రూములు ఉండవు, తిండి తీసుకెళ్ళనివ్వరు. ఇవన్నీ మీ అమ్మానాన్నలకి ముందే చెప్పండి.

బ్యాగు మాత్రం కొత్తది కొనండి. ఒకప్పుడు వేట ఓడల్లో వచ్చిన ఎలుకలు సౌత్ జార్జియా పక్షుల్ని తినేస్తుంటే, హెలికాప్టర్లతో మందు చల్లి, 2018లో ఎలుకలు లేని ద్వీపంగా ప్రకటించారు. అంత కష్టపడ్డవాళ్ళు కాబట్టి అధికారులు ఓడ మీదికే వచ్చి బూట్ల అడుగుల్లో, వెల్క్రో పట్టీల్లో, జేబుల కుట్లలో బయటి గింజో మట్టో దాక్కుందేమోనని చూస్తారు. కూరగాయలకి తీసుకెళ్ళిన సంచిలో ఆవగింజో, జీలకర్రో ఏ మూలో ఉండకుండా ఉంటుందా? ఓడలో వాక్యూమ్ క్లీనర్లు పెట్టి శుభ్రం చేయిస్తారు. విసుగు పడకుండా చెయ్యండి, ఆ పక్షుల కోసమే అదంతా.

ఇంకా టికెట్ కొనకపోతే చిన్న ఓడే చూసుకోండి. అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి వంద మందికి మించి దిగకూడదు. అయిదు వందలకి మించి ప్రయాణికులున్న ఓడల వాళ్ళని అసలు దింపరు. పెద్ద ఓడలో బాల్కనీ గది చూపించి "అంటార్కిటికా ప్యాకేజీ" అని అమ్ముతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంత దూరం వెళ్ళి కాలు మోపకుండా రావడమేమిటి!

మా ట్రావెల్ ఏజెంటు డాక్టరు సంతకంతో కూడిన ఆరోగ్య ఫారం ఇవ్వాలన్న సంగతి చివరి వారంలో చెప్పాడు, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. మీరు ఇప్పుడే అడిగి తెప్పించుకోండి. ఇన్సూరెన్సులో మెడికల్ ఇవాక్యుయేషన్ (జబ్బు చేస్తే అక్కడినుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు) ఎంతవరకు వస్తుందో కూడా చదవండి. సౌత్ జార్జియా, అంటార్కిటికాల్లో మనకి ఆసుపత్రి అంటే ఓడ డాక్టరే.

దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సముద్రం, డ్రేక్ పాసేజ్, దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. వాంతుల మాత్ర మీ డాక్టర్ని అడిగి తీసుకెళ్ళండి. ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు, ముందే వేసుకోవాలి. ఓడ ఎక్కే ఊరు, అర్జెంటీనాలోని ఊషుయాయాకి రెండు రోజుల ముందే చేరుకోండి. సూట్‌కేసు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగదు, కాబట్టి మందులు, ఉన్ని లోదుస్తులు, నీళ్ళు దిగని ప్యాంటు చేతి సంచిలోనే పెట్టుకోండి.